ఐదూ ఇరవై నాలుగు తర్వాత

మధ్యాహ్నం రెండూ పదికి ఫింటన్ హెహిర్ నా ముందు ఒక కాగితం పెట్టాడు. సాయంత్రం ఐదింటికి దేవకుమారి వచ్చి దానిమీద సంతకం పెడుతుందట. పెడితే ఇక్కడ హెహిర్ పని అయిపోయినట్టేనట.

కాగితంలో దేవకుమారి చెప్పినట్టుగా రాసి ఉన్నవి మూడే వాక్యాలు. అక్టోబరు తొమ్మిదిన నా భర్త మల్లేశ్ స్టూడియోకి తీసుకెళ్ళిన, బొగ్గులు నింపి అమ్మే రేకు బార్బెక్యూ ట్రే నేను కొన్నదే. ఆ పొద్దున అతని సంచిలో పెట్టింది నేనే. డప్పు కాచుకోవడానికి అతను దాన్ని తలుపులు మూసిన గదిలో వెలిగించి ఉంటాడని నమ్ముతున్నాను.

మూడోది చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. నమ్మడానికి ఆవిడ ఆ గదిలో ఉందా? లేదు. ఈయన ఉన్నాడా? లేడు. ఈయన స్టూడియో ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున లిమరిక్ నుంచి వచ్చిన పరిశోధకుడు. కోవిడ్ వల్ల ఐర్లండ్‌లో ఎవరూ ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటి కదలకూడదన్న రోజుల్లో, పని మీద వెళ్తున్నానని ఒక ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నాకు ఉత్తరం అక్కర్లేదు. మా ఇల్లు ఎన్నిస్‌లోనే, ఈ స్టూడియోకి మూడు కిలోమీటర్లు. మాస్కు పెట్టుకుని నడిచొచ్చాను.

నేను చాముండేశ్వరిని. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్ళు వేలిముద్రలు చూసే ఉద్యోగం చేసి, మా ఆయన వెంట ఇక్కడికొచ్చి, ఖాళీగా కూర్చోలేక ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నదాన్ని. ఇప్పటిదాకా చేసినవి తప్పిపోయిన కుక్కలూ, అబద్ధమాడే ఇంటి ఓనర్లూ. చావు కేసు ఇదే మొదలు. అది కూడా నాకు తెలిసిన మనిషిది.

మార్చిలో మా ఆయనకి జ్వరమొచ్చి ఇద్దరం ఇంట్లో బందీలమైపోతే, మల్లేశ్ వారానికి రెండుసార్లు సరుకులు తెచ్చి గుమ్మంలో పెట్టి, గేటు అవతల నిలబడి "అక్కా, తీస్కోండ్రి" అని కేకేసి వెళ్ళేవాడు. జనగామ దగ్గర ఊరు. ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోమే పని. భార్య దేవకుమారి వృద్ధుల నర్సింగ్ హోంలో నర్సు. సాయంత్రాలు డప్పు. ఆ డప్పు విని షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రామ్మోహన్ అతన్ని తన జాజ్ బృందంలోకి తీసుకున్నాడు. బృందం పేరు క్రీమరీ ఫోర్. గిటారు లేదు, బాకా లేదు, అన్నీ కొట్టేవే. రామ్మోహన్ డ్రమ్స్, మల్లేశ్ డప్పు, లిమరిక్‌లో పీజీ చదివే మనస్విని లోహపు పలకల మీద కొట్టే వైబ్రఫోన్, స్టూడియో యజమాని నోయల్ కాన్సిడైన్ బౌరాన్ అనే ఐరిష్ తోలు వాయిద్యం. తొమ్మిది పాటల ఆల్బమ్ మొదలుపెట్టారు. ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది రికార్డు చేస్తుండగా, అక్టోబరు తొమ్మిది సాయంత్రం, మల్లేశ్ ఆ గదిలో బొగ్గుపొగ విషవాయువుకి చనిపోయాడు. పక్కన కాలిన ట్రే ఉంది. తలుపు మూసి ఉంది. చూసిన వాళ్ళెవరికైనా లెక్క తేలిపోయింది.

అతని అంత్యక్రియలకి పాతికమందికి మించి రాకూడదన్నారు. నేను కంప్యూటర్లో చూశాను. ఆ మర్నాడు దేవకుమారి మా గేటు దగ్గరికొచ్చింది. ఎవర్నీ పట్టుకోమని అడగలేదు. ఎవరిమీదా అనుమానం కూడా లేదు.

"నాకొక్కటి చెప్పుండ్రి మేడం. నేనిచ్చిన నిప్పేనా ఆయన్ని సంపింది? గంతే."

ఆమె సరిగ్గా తిండి తిని పద్దెనిమిది రోజులైంది. ఆ మూడో వాక్యం మీద సంతకం పెడితే ఇక బతకదని నాకు అనిపించింది. నా చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

ఆ రికార్డింగ్ గది ఒకప్పటి పాల కేంద్రం, వీళ్ళ మాటలో క్రీమరీ. రెండడుగుల మందం గోడలు. కిటికీ లేదు. చప్పుడు పోకుండా తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. గోడలో మోకాలి ఎత్తున ఒక తెల్ల ప్లాస్టిక్ జాలీ, దాని వెనక ఫ్యాను. ఆ రోజు ఫ్యాను ఆపి ఉందనీ, నడిచి ఉంటే గాలి బయటికి లాగేసి మనిషి బతికేవాడనీ హెహిర్ చెప్పాడు. నేల మీద బూడిదరంగు రగ్గు. ట్రే ఉన్న చోట సుద్దముక్కతో గీసిన గీత.

ఫోటోలు అడిగాను. ఇచ్చాడు, నొసలు చిట్లించుకునే. ట్రేలో బూడిద ముద్దకట్టి గట్టిపడి ఉంది. నీళ్ళెవరు పోశారని అడిగితే, రామ్మోహన్ పోశాడన్నాడు. ఆరూ ఇరవైకి వచ్చి చూసి, ట్రే ఉన్నచోటనే నీళ్ళు పోసి, తర్వాత ఫోన్ చేశాడట.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ మోకాళ్ళు లేవడానికి ఎంత గోల చేస్తాయో నాకు తెలుసు, అయినా కూర్చున్నాను. సుద్దగీత లోపలా బయటా తెల్ల రుమాలు పెట్టి రుద్దాను. రుమాలు తెల్లగానే ఉంది. మండే బొగ్గుల మీద నీళ్ళు పోస్తే బూడిద ఎంత దూరం చిందుతుందో పొయ్యి ఆర్పిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. పైగా నైలాన్ రగ్గు. వేడి రేకు ఆనితే చాలు, కరిగి గట్టిపడుతుంది. ఇది ఎక్కడా కరగలేదు. ఆ ట్రే ఈ రగ్గు మీద మండలేదు, దాన్ని ఇక్కడ ఆర్పలేదు. ఆ మాటే హెహిర్‌తో అన్నాను.

ట్రేకి కింద తీగ కాళ్ళుంటాయనీ, కొద్దిగా నీళ్ళు పోసి ఉండొచ్చనీ అన్నాడు. అంతటితో ఊరుకుంటే బావుండేది.

"ఆవిడ మీ మనిషి. అలా జరగలేదని మీకు అనుకోవాలనుంది. అందుకే రగ్గు మీకు శుభ్రంగా కనబడుతోంది."

"అవును, నా మనిషే. మీ మనిషి ఎవరూ చావలేదు గనక మీకు రగ్గు కనబడటమే లేదు."

మాస్కు పైన అతని చెవులు ఎర్రబడ్డాయి. 

రెండూ యాభైకి నేను పెరట్లోకి వెళ్ళి ఎదురింటి కిటికీ ముందు నిలబడి ఫోన్ చేశాను. అది నోయల్ ఇల్లు. డెబ్భై రెండేళ్ళవాడు. మల్లేశ్ పోయిన సాయంత్రమే జ్వరం ముదిరితే కూతురు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కోవిడ్. పదిహేడు రోజులు అక్కడే ఉండి మొన్న సోమవారం ఇల్లు చేరాడు. మల్లేశ్ పోయాడని తెలుసు గానీ ఎలాగో ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు. డాక్టరు వద్దన్నందుకు హెహిర్ కూడా ఇతన్ని కదిలించలేదు. నాకు ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు.

అద్దం అవతల దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగుతూ చెప్పాడు. ఐర్లండ్ చెమ్మకి డప్పు తోలు ఇరవై నిమిషాల్లో వదులైపోతుంది. వదులైతే మోగదు. అందుకని ప్రతి టేకుకీ ముందు మల్లేశ్ పెరట్లోకొచ్చి, సగానికి కోసిన పాత పాల క్యానులో పాత పేపర్లు వెలిగించి, మంట మీద డప్పుని గుండ్రంగా తిప్పుతూ రెండు నిమిషాలు కాచేవాడు. పేపర్లు నోయల్ దాచి ఉంచేవాడు.

"మరి బొగ్గుల ట్రే?" అని అడిగాను.

నోయల్ నవ్వబోయి దగ్గాడు. నూనె ట్యాంకు వెనక షెడ్డులో చూడమన్నాడు.

హెహిర్‌ని కూడా రమ్మన్నాను. షెడ్డులో, ప్లాస్టిక్ పట్టా కింద, ఏడు ట్రేలున్నాయి. ఒక్కటీ విప్పలేదు. సూపర్‌మార్కెట్ చీటీలు అలానే అంటుకుని ఉన్నాయి.

మిగతాది నోయల్ ఫోనులో చెబుతుంటే విన్నాను. డప్పుకి కావలసింది మంట. బొగ్గులు రాజుకోవడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత ఒక్క క్షణం ఆదమరిస్తే తోలు మాడుతుంది. అందుకని మల్లేశ్ వాటిని ముట్టుకోలేదు. కానీ దేవకుమారి పన్నెండు గంటల డ్యూటీ చేసి, ముక్కు మీద మాస్కు గీతలతో, వచ్చే దారిలో షాపులో ఆగి, వానలో తన మొగుడు పేపర్లతో తంటాలు పడకూడదని అవి కొనుక్కొచ్చేది. తెచ్చిన ప్రతిదాన్నీ అతను సంచిలో పెట్టుకుని వచ్చి ఇక్కడ దాచి, ఇంటికెళ్ళి బ్రహ్మాండంగా పనిచేసిందని చెప్పేవాడు. ఆమెకి చెప్పొద్దని నోయల్ దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహం చూడాలి నోయలన్నా, అనేవాడట.

అక్కడ బోర్లించిన బకెట్టు ఉంటే దానిమీద కూలబడి ఏడ్చాను. డిటెక్టివ్‌లు ఏడవకూడదని లైసెన్సులో ఎక్కడా రాయలేదు. హెహిర్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

కళ్ళు తుడుచుకుని నోయల్‌ని తొమ్మిదో తారీఖు గురించి అడిగాను. ఆ రోజు పొద్దున్నుంచీ వాన. పేపర్ల కట్ట నానిపోయింది. నాలుగూ నలభైకి తను కిటికీలోంచి చూస్తే, మల్లేశ్ రికార్డింగ్ గది బయట వసారాలో గొంతుక్కూర్చుని ట్రే వెలిగిస్తున్నాడు. తనని చూసి ట్రే వైపు చూపించి బొటనవేలు ఎత్తాడు. చివరికి భార్య తెచ్చిన దానితో పని పడింది మరి. ఐదింటికి కూతురు కారు తెచ్చింది. తర్వాతేమైందో నోయల్‌కి తెలియదు.

వసారాలో ఇప్పుడు కొత్త రబ్బరు చాప ఉంది. అది ఎవరు వేశారని అడిగితే నోయల్ తనది కాదన్నాడు. హెహిర్ నాకంటే ముందు వంగి దాన్ని ఎత్తాడు. కింద సిమెంటు మీద నల్లటి దీర్ఘచతురస్రం, సరిగ్గా ట్రే అంత. దానికి మూరెడు పైన, గోడలో, ఫ్యాను బయటి మూత.

ఫ్యాను గురించి నోయల్‌ని అడిగాను. సెప్టెంబరులో ఒక శనివారం, తను లేనప్పుడు, కోవిడ్‌కి గాలి ఆడాలని రామ్మోహన్ యూట్యూబ్ చూసి తనే గోడ తొలిచి బిగించాడట. మేస్త్రీని పిలుద్దామని తను అన్నా వినలేదట. అంత కిందకి ఎందుకు పెట్టావంటే, అక్కడ గోడ మెత్తగా ఉందన్నాడట.

హెహిర్ లోపలికెళ్ళి స్విచ్ వేసి వచ్చాడు. చేతిలో వేరే ఏమీ లేక ఆ సంతకం కాగితాన్నే మూత దగ్గర పట్టాడు. అది చటుక్కున మూతకి అతుక్కుపోయింది. ఫ్యాను గాలిని బయటికి తోయడం లేదు, లోపలికి లాగుతోంది.

"అయితే అతను ఆరుబయటే వెలిగించాడు," అన్నాడు హెహిర్ నెమ్మదిగా. "చెయ్యాల్సిన పద్ధతిలోనే చేశాడు. ఆ పొగని ఫ్యాను లోపలికి పంపింది." కాసేపు ఆగాడు. "మరి ట్రేని లోపలికి మోసుకొచ్చింది ఎవరు?"

మొదటిసారి మనిషిలా అడిగాడు. నాకు అతని మీద కోపం సగం తగ్గింది.

మూడున్నరకి కంట్రోల్ గదిలో స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చున్నాం, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి. ప్రతి టేకుకీ టైము ఉంది. నాలుగూ ముప్పై మూడు టేకులో డప్పు తడిసిన అట్టముక్క మీద కొట్టినట్టు ఉంది. వదులైన తోలు. తర్వాతది ఐదూ ఆరుకి మొదలైంది. ఖణేల్‌మంటోంది. అంటే బయట బొగ్గులు రాజుకున్నాక డప్పు కాచుకుని లోపలికొచ్చి తలుపేసుకున్నాడు. హెహిర్ మొదట అనుకున్నట్టు నాలుగూ నలభై నుంచీ ఆ మూసిన గదిలోనే బొగ్గులు మండి ఉంటే, ఐదూ ఆరుకి ఆ చేతులు అంత చురుగ్గా ఆడవు.

ఆ ఫైలు ఐదూ ఇరవై నాలుగుకి ఆగిపోయింది. మధ్యలో తెగ్గోసినట్టు.

స్టూడియో రిజిస్టరు తెరిచాం. కోవిడ్ కోసం, ఎవరు ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్ళారో ఎవరికి వాళ్ళే రాసుకునే పుస్తకం. రామ్మోహన్ చేతిరాతతో, వెళ్ళింది ఐదూ పది, వచ్చింది ఆరూ ఇరవై. ఎవరికి వాళ్ళే రాసుకునే టైములు.

రామ్మోహన్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. పరిశోధన మాట ఎత్తకుండా, దేవకుమారి సంతకానికి భయపడుతోంది, నువ్వో మాట చెబితే ధైర్యంగా ఉంటుందని మొదలుపెట్టాను. చాలా బాధగా మాట్లాడాడు. ఆల్బమ్‌ని మల్లేశ్‌కే అంకితమిస్తానన్నాడు.

"చెప్పకూడదు గానీ ఆంటీ, వాళ్ళకి ఎంత చెప్పినా బుర్రకెక్కదండీ. లోపల వెలిగించొద్దని ఎన్నిసార్లు చెప్పానో."

"వాళ్ళంటే ఎవరు నాయనా?"

అటువైపు తడబాటు. డప్పు వాళ్ళు అని గొణిగాడు. ఆ 'వాళ్ళు' అన్న మాట నాకు కొత్త కాదు. ఒంగోలులో మా ఇంట్లోనే అది విని పెరిగాను. అది విన్నప్పుడల్లా నోరు మూసుకున్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. అప్పుడు కూడా మూసుకున్నాను. అడగాల్సింది ఇంకొకటుంది.

ఐదూ పదికే ఎందుకు వెళ్ళిపోయావని అడిగితే ఆఫీసు కాల్ ఉందన్నాడు, ఇంటి నుంచే పని కదా అన్నాడు. మరి ఐదూ ఇరవై నాలుగుకి రికార్డింగ్ ఆపిందెవరని అడిగాను. తనేనన్నాడు. ఇంట్లో లాప్‌టాప్ నుంచి ఆపొచ్చట.

"ఎందుకు ఆపావు?"

"వాడు కొట్టడం ఆపేశాడుగా ఆంటీ."

"అంటే వింటున్నావన్నమాట."

 నెట్ బాలేదనీ, మీటింగ్ ఉందనీ చెప్పి పెట్టేశాడు. హెహిర్‌కి తెలుగు ముక్క రాదు. అయినా రామ్మోహన్ గొంతు మారడం అతనికీ తెలిసింది. చివర్లో ఏమడిగారని నన్నడిగాడు. చెప్పాను.

విన్నాడు సరే. వినడం నేరం కాదు. ఆ ఫైలు ఐదూ ఇరవై నాలుగుతో అయిపోయింది, తర్వాత ఏమైందో చెప్పేవాళ్ళు లేరు. రిజిస్టరు అతనిది, మాట అతనిది.  టైము నాలుగూ ఐదు.

అప్పుడు బృందంలో నాలుగో మనిషి గుర్తొచ్చింది. మనస్వినికి ఫోన్ చేశాను. అక్టోబరు మొదటివారంలో జిల్లా దాటి వెళ్ళొద్దన్నారు గనక, ఆమె లిమరిక్ గదిలోనే కూర్చుని ఇంటర్నెట్‌లో వింటూ తన భాగం వాయించాలని ఏర్పాటు. ఆ రోజు కూడా కనెక్ట్ అయింది.

"ఐదుంబావుకి నాకు ఆన్‌లైన్ క్లాస్ ఉండె ఆంటీ. సౌండ్ మ్యూట్ చేసి పోయిన. రికార్డింగ్ బంద్ చేసుడు మర్చిపోయిన. అది ఆరున్నర దాకా నడిచింది." ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నిస్తోంది. "రామ్మోహన్ అన్న డిలీట్ చెయ్యమన్నడు, స్టూడియో కాపీ ఉంది గదా అన్నడు. నాకు మనసొప్పలే. ఓపెన్ కూడా చెయ్యలే. మల్లేశన్న కొట్టిన ఆఖరిది, నేను వినలేను ఆంటీ."

వినొద్దనీ, నాకు పంపమనీ, ఆ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దనీ, తలుపు గడియ వేసుకొమ్మనీ చెప్పాను. నాలుగూ పద్దెనిమిదికి ఫైలు వచ్చింది.

హెహిర్ ఒక హెడ్‌ఫోను, నేనొకటి పెట్టుకున్నాం. టైము లేక, అక్కడక్కడా ముందుకి జరుపుతూ విన్నాం.

ఐదూ ఆరు నుంచి పదమూడు నిమిషాలు మల్లేశ్ కొట్టాడు. నాకు సంగీతం రాదు, కానీ అది బాగా నడక తెలిసిన మనిషి నడిచినట్టు ఉంది. ఐదూ పందొమ్మిదికి ఒక దెబ్బ తప్పింది. తర్వాత రెండు. తర్వాత నడక ఈడ్చుకుంటూ సాగింది. ఐదూ ఇరవై నాలుగుకి రెండు పుల్లలూ కింద పడ్డాయి. "నోయలన్నా, తల తిరుగుతాందే" అన్నాడు తెలుగులోనే. నోయల్ అప్పటికి ఆస్పత్రి దారిలో ఉన్నాడు. ఐదూ ముప్పై ఒకటికి బరువుగా ఏదో నేల మీద పడింది. అప్పటినుంచీ ఫ్యాను రొద, దాని కింద ఊపిరి.

ఐదూ నలభై ఏడుకి తలుపు తెరుచుకుంది.

రిజిస్టరులో ఆరూ ఇరవై. ఇక్కడ ఐదూ నలభై ఏడు. రామ్మోహన్ గొంతు. మల్లేశా, ఏమైందిరా అన్నాడు. రెండుసార్లు దగ్గి బయటికి పరిగెత్తాడు. వసారాలోంచి, ఫ్యాను గుండా, బొగ్గుల మీద నీళ్ళు పడి బుస్సుమన్న చప్పుడు. ట్రే చూశాడు, ఫ్యాను చూశాడు, తను తొలిచిన గోడ చూశాడు. ఆ రెండు నిమిషాల్లో ఏమనుకున్నాడో దేవుడికి తెలుసు. తిరిగొచ్చాడు. రేకు ట్రే నేలకి తగిలిన చప్పుడు చాలా దగ్గరగా వినబడింది.

"అన్నా," అన్నాడు మల్లేశ్. బతికే ఉన్నాడు. "అన్నా, బయటికి గుంజు."

"ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఉండు."

ఐదూ యాభై రెండుకి ఫ్యాను రొద ఆగింది. తలుపు మూసుకుంది. రబ్బరు పట్టీ అదుముకున్న చప్పుడు కూడా ఆ మైకులో పడింది.

హెహిర్ నా వైపు తిరిగి, అతనేమన్నాడని అడిగాడు. నన్ను బయటికి లాగు అన్నాడని చెప్పాను. రెండో అతను ఏమన్నాడని అడిగాడు. ఒక్క నిమిషం ఉండమన్నాడని చెప్పాను. హెహిర్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను తీయలేదు. ఎవరో ఒకరు వినాలి గదా. ఊపిరి ఆరూ ఎనిమిది దాకా వినబడింది. ఆరూ ఇరవైకి మళ్ళీ తలుపు. రామ్మోహన్ గట్టిగా ఏడుస్తూ అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. చాలా బాగా ఏడ్చాడు.

సంతకం కాగితాన్ని హెహిర్ నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. గార్డులకి, అంటే ఇక్కడి పోలీసులకి, తనే ఫోన్ చేశాడు. ఒక కారు షానన్‌లో రామ్మోహన్ ఇంటికి, ఒకటి ఇక్కడికి పంపమన్నాడు. తన రిపోర్టు తప్పని, కొత్తది రాస్తానని నాకు చెప్పాడు. అలా చెప్పడానికి కూడా గుండె ఉండాలి, ఒప్పుకుంటాను.

దేవకుమారి ఐదింటికి ఐదు నిమిషాలు తక్కువగా వచ్చింది. సంతకం పెట్టడానికి సంచిలోంచి పెన్ను తీసి చేతిలో పట్టుకుని మరీ వచ్చింది.

ఇలాంటివి చెప్పడం నాకు చేతకాదు. చేతనైన వాళ్ళు ఉంటారేమో నాకు తెలియదు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆరడుగుల దూరమూ వద్దు ఏమీ వద్దని చేతులు పట్టుకుని, వరసగా చెప్పాను. నిప్పు నువ్విచ్చిందే. వానకి తడవకుండా, ఆరుబయట, ఎలా వెలిగించాలో అలాగే వెలిగించాడు. పొగని లోపలికి పంపింది ఫ్యాను. దాన్ని పెట్టినవాడు వచ్చి చూశాడు. అప్పటికి నీ పెనిమిటి బతికున్నాడు, మాట్లాడాడు. వాడు తలుపేసి వెళ్ళిపోయాడు. షెడ్డులో ట్రేల సంగతి చెప్పలేదు. అది నోయల్ ఇచ్చిన మాట, తప్పడానికి నాది కాదు.

ఆమె ఏడవలేదు. ఎన్ని గంటల దాకా ఉన్నాడని అడిగింది. ఆరూ ఎనిమిది అన్నాను.

"మా నర్సింగ్ హోం గీ రోడ్డు సివర్నే మేడం. గా టైంల నేను ఒక పెద్దాయనకు ఆక్సిజన్ పట్టుకొని కూసున్న. ఊపిరి ఆడతలేదని ఏడుస్తుండె, నేనున్న గదా తాతా అని చెయ్యి పట్టుకున్న. గాయన బతికిండు." చేతిలో ఉన్న పెన్నుని సంచిలో వేసేసింది.  "ఒక్క ఫోన్ కొడితే సిలిండర్ భుజానేస్కొని ఉరికొచ్చేదాన్ని. ఎవలో కానోళ్ళకు పట్టిన. నా మొగనికి పట్టకపోతి."

 హెహిర్ ఒక్క ముక్కా అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

కాసేపటికి ఆమె బల్ల మీది హెడ్‌ఫోను చూసింది. అది తనకివ్వమంది. వద్దని బతిమాలాను. గార్డులు తీసుకెళ్తారనీ, కోర్టు వింటుందనీ, నువ్వు వినక్కర్లేదనీ, రాత్రుళ్ళు నిద్ర పట్టదనీ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కోర్టు ఆయనకేమైతది? ఆయన డప్పు ఆగిన కాడి నుంచి పెట్టుండ్రి. ఊపిరి ఉన్నంత సేపు పక్కనుంట. ఆనాడు ఒక్కడే ఉన్నడు గదా."

నేను ఐదూ ఇరవై నాలుగు దగ్గర పెట్టాను. ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒళ్ళో అరచేయి తెరిచి ఉంచుకుని కూర్చుంది. పెరట్లో గార్డుల కారు ఆగింది. హెహిర్ లేచి బయటికెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకా నలభై నాలుగు నిమిషాలు ఎవరూ లోపలికి రాకూడదని వాళ్ళతో చెప్పడం నాకు వినబడింది.